తపతీ తీరాన వస్త్రనగరి

ముల్తాయి వద్ద జన్మించిన తపతి సుమారు 720 కిలోమీటర్లు పయనించి, సూరత్ దాటి అరేబియా సముద్రాన్ని చేరుతుంది. ఈ నగరపు మరమగ్గాలపై తెలంగాణ పద్మశాలీలు దశాబ్దాలుగా శ్రమిస్తున్నారు. డుమాస్ తీరాన నిలిచిన మాకు ఒక్కటే తలపు: చీరకు అంటక మిగిలిన రంగు చేరేదెక్కడికి? శుద్ధిచేయని అద్దకపు నీరు నదిలోనైనా, కడలిలోనైనా సూర్యకాంతిని అడ్డగిస్తుంది. కాంతి లేనిదే కంటికి ఆనని ప్లవకాలు పెరగవు. అవి లేనిదే చేపకు మేత లేదు, జాలరికి బ్రతుకు లేదు.

పరిష్కారమూ ఇక్కడే కానవచ్చింది. రోజుకు 4 కోట్ల లీటర్ల నగరపు మురుగునీటిని శుద్ధిచేసి పాండేసరా మిల్లులకు అందించే కేంద్రం 2014లో బమ్రోలీలో ప్రారంభమైంది. మిల్లులు విడిచే నీటికీ అదే శ్రద్ధ దక్కాలి. రత్నాకరునికి మన కానుక మురుగు కారాదు గదా!