తెల్ల బంతికి డూప్ ఉండడు!

సినిమాలో హీరో ఒక్కడే పదిమందిని మట్టికరిపిస్తే ఈల వేస్తాం. మధ్యలో ఎన్ని కట్‌లు పడ్డాయో ఎవరు లెక్కపెడతారు చెప్పండి? కానీ పూల్ ఆట వీడియో చూసేవాడి తీరే వేరు! కర్ర తగలడం ఒక షాట్‌లో, బంతి పాకెట్‌లో పడటం ఇంకో షాట్‌లో చూపించారో... "ఇందులో ఏదో మతలబుంది గురూ!" అనేస్తాడు.

1986లో వచ్చిన 'ది కలర్ ఆఫ్ మనీ' సంగతే తీసుకోండి. మార్టిన్ స్కార్సేసీ దర్శకత్వం. పాల్ న్యూమన్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ తెచ్చిపెట్టిన చిత్రం. అందులో టామ్ క్రూజ్ ఆట నేర్చుకుని మరీ షాట్లు తనే కొట్టాడు, ఒక్కటి తప్ప! రెండు బంతుల మీంచి తెల్ల బంతిని ఎగిరించే ఆ ఒక్కటీ మైక్ సీగెల్ అనే ఛాంపియన్ చేతి చలవ.

మరి మన దగ్గర స్కార్సేసీ ఎక్కడ? ఛాంపియన్ ఎక్కడ? చేతిలో ఫోను, నెత్తిమీద పాత ట్యూబులైటు! మా మేనత్త కొడుకు ఆడతాడు. కెమెరామన్‌నీ, ఎడిటర్‌నీ నేనే.

తొమ్మిదడుగుల బల్లమీద ఆడే జాగా 100 అంగుళాల పొడవు, 50 వెడల్పు. పొట్టి వైపున, ఎత్తుగా ఫోను నిలబెడితేనే ఆరు పాకెట్లూ కనిపిస్తాయి. మన కరెంటుకి ఆ ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మిణుకుమంటుంది. అందుకే షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెట్టాలి. లేకపోతే బొమ్మమీద చారలు పాకుతాయి!

ఓ రాత్రి మావాడు పంతం పట్టాడు. నల్ల బంతి మూడు అంచులకు తగిలి మూల పాకెట్‌లో పడాలట! తిరుగుబోతుల ఆటని తీసిపారేసే మావయ్యకి అది చూపించాలని వాడి తాపత్రయం. ఇరవై అయ్యాయి... ముప్పై అయ్యాయి... పార్లర్ కుర్రాడు మిగతా బల్లల మీద లైట్లు ఆర్పేస్తున్నాడు.

"బావా! కొట్టడం ఇందులోంచి, పడటం ఇంకోదాంట్లోంచి తీసుకుని అతికించెయ్. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు నీరసంగా.

"నీకు తెలుస్తుందిగా!" అన్నాను.

ముప్పై ఎనిమిదోసారి పడింది!

ఇంటికొచ్చి ఎడిటింగ్‌కి కూర్చున్నాను. తప్పిన దెబ్బలు ఓ మూడు ముందు పెట్టి, ఆ తర్వాత ఈ షాట్‌ని ఎక్కడా తెగకుండా వదిలేశాను. పాట కూడా పెట్టలేదు. బంతికి బంతి తగిలిన 'టక్' వినపడాలి కదా!

మావయ్య చూశాడు. "మళ్ళీ పెట్టు" అన్నాడు. పెట్టాను. "ఎన్నిసార్లు తప్పాడేమిటి?" అన్నాడు.

"ముప్పై ఏడు."

"లెక్కల్లో ఒక్కసారి తప్పినందుకే పుస్తకం మూసేశాడు వెధవ!" అని పైకి తిట్టాడు గానీ, ఫోను మాత్రం చేతిలోంచి దించలేదు!

కాబట్టి తమ్ముళ్ళూ! కర్ర కదిలింది మొదలు బంతి ఆగేదాకా కత్తెర జేబులోనే ఉండనివ్వండి. ముందూ వెనకా అంటారా... మీ ఇష్టం!