లండన్‌లో చివరి రెండు రోజులు

వార్షికోత్సవ సంచికకు లండన్ ప్రయాణం గురించి రాయమని వార్డెన్ సారు ఫోన్ చేశారు. రెండు వారాల సంగతులూ రాస్తే పేజీలు చాలవు. అందుకే చివరి రెండు రోజుల గురించి మాత్రమే రాస్తున్నాము. మేము అంటే, ఈ హాస్టల్లో పదో తరగతి దాకా పక్కపక్కనే ట్రంకు పెట్టెలు పెట్టుకున్న ఇద్దరం.

2024 జూలైలో మా విశ్వవిద్యాలయం పంపిన పన్నెండు మంది విద్యార్థుల్లో మాకూ చోటు దొరికింది. క్లాసులు అయిపోయాయి. తిరుగు విమానానికి ఇంకా రెండు రోజులుంది. ఎవరికి నచ్చినవి వాళ్ళు చూసుకోమన్నారు. ఇద్దరి జేబులూ దులిపితే 31 పౌండ్లు తేలాయి. లండన్ ఐ అనే పెద్ద రంగులరాట్నం ఎక్కాలంటే అప్పటికప్పుడు కొనే టికెట్టు ఒక్కరికే 30 పౌండ్ల పైమాట. ఒకరు ఎక్కి ఒకరు కింద నిలబడటం ఎందుకని వంతెన మీది నుంచే చూసి తృప్తిపడ్డాము. అప్పట్లో బస్సుకు 1.75 పౌండ్లు, అంటే దాదాపు 185 రూపాయలు. గంటలోపు వేరే బస్సు ఎక్కితే మళ్ళీ డబ్బు తీసుకోరు. గడియారం చూసుకుంటూ తిరిగాము.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ప్రయాణంలో తోటివాళ్ళు "మీ స్కూలింగ్ ఎక్కడ?" అని అడిగినప్పుడల్లా "రెసిడెన్షియల్" అని తప్పించుకున్నాము. సాంఘిక సంక్షేమ హాస్టల్ అనడానికి నోరు రాలేదు. నిజానికి అక్కడ ఎవరూ మమ్మల్ని చిన్నచూపు చూడలేదు. జంకు మాలోనే ఉంది.

మొదటి రోజు బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళాము. ప్రవేశం ఉచితం. తొమ్మిదో తరగతిలో సారు మమ్మల్ని అమరావతి తీసుకెళ్ళినప్పుడు, మహాచైత్యం ఉన్నచోట ఒక దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు కనిపించాయి. "మిగతా రాళ్ళేవి సార్?" అంటే "కొన్ని మద్రాసులో, కొన్ని లండన్లో ఉన్నాయిరా. చదువుకుంటే చూస్తారు" అన్నారు. ఆ రాళ్ళ ముందు నిలబడ్డాము. 1859లో మద్రాసు నుంచి ఓడలో లండన్ వచ్చి, 1880లో ఆ మ్యూజియానికి చేరాయి. దాదాపు 120 శిల్పాలు. మన పల్నాటి సున్నపురాయే. ఒక పలక మీద స్తూపం మొత్తం చెక్కి ఉంది. సింహాలు, పూలదండలు, మొక్కుతున్న మనుషులు. దిబ్బ దగ్గర ఊహకు అందనిది అక్కడ కళ్ళారా చూశాము. అమరావతిలో రాళ్ళను చేత్తో తడిమాము. ఇక్కడ మధ్యలో అద్దం ఉంది.

చివరి రోజు అంబేద్కర్ గారు 1921-22లో ఉన్న ఇంటికి బయలుదేరాము. కింగ్ హెన్రీస్ రోడ్డు, 10వ నంబరు. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని స్మారకంగా మార్చింది. అనంతపురం వైపు మిత్రుడు ఒకరు తానూ వస్తానన్నాడు. మా అందరిలో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేది అతనే.

లోపల ఒక గదిలో మంచం, దాని పక్కన కళ్ళజోడు, పుస్తకాలు. 1916లో ఆయన లండన్ చేరారు. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి వెనక్కి రావలసివచ్చింది. వేరే ఓడలో పంపిన పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ముంబయిలో పాఠాలు చెప్పి కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో, స్నేహితుడి దగ్గర అప్పుతో 1920లో మళ్ళీ వెళ్ళారు. 1923లో డీఎస్సీ పట్టా అందుకున్నారు. స్కాలర్‌షిప్ ఆగిపోవడం అంటే ఏమిటో మన హాస్టల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇల్లు చూడవచ్చిన ఒక పంజాబీ పెద్దాయన హిందీలో "మీరు ఎక్కడ చదువుకున్నారు బేటా?" అని అడిగారు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఆ గదిలో నిలబడి అబద్ధం ఆడలేకపోయాము. "ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టల్లో" అన్నాము. ఆయన మా భుజాలు తట్టారు. బయటకు వచ్చాక మా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "నాదీ హాస్టలే బ్బా. మీరేమనుకుంటారో అని చెప్పలేదు" అన్నాడు. రెండు వారాలు ఒకే బల్ల మీద తిన్నాము. ఒకరికొకరం దాచుకున్నాము! దగ్గర్లోనే ఉన్న ప్రిమ్‌రోజ్ హిల్ ఎక్కి, నీళ్ళ సాంబారు గురించీ, స్నానానికి కుళాయి దగ్గర వరుస గురించీ చీకటిపడే దాకా ముగ్గురం నవ్వుకుంటూ కూర్చున్నాము. లండన్ అంతా కింద కనిపిస్తోంది. లండన్ ఐ కూడా!

తమ్ముళ్ళూ, ఎస్సీ విద్యార్థులు విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేయడానికి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఇప్పటినుంచే తెలుసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి. ఒక్క అక్షరం తేడాకు పాస్‌పోర్టు కోసం మేము నెలన్నర తిరిగాము. ఎక్కడికి వెళ్ళినా, ఎవరు అడిగినా హాస్టల్ పేరు చెప్పండి. పక్కనున్నవాడు కూడా మనవాడే కావచ్చు.

అమరావతి స్తూపం పలక బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి మ్యూజియంలో కొన్నాము. స్టడీ హాల్లో బాబాసాహెబ్ ఫొటో కింద అంటించాము. చూడండి.