తలక్రిందులైన మాట

1971వ సంవత్సరము డిసెంబరు నెల. నాకప్పుడు పండ్రెండేండ్ల ప్రాయము. గద్వాలలో మా యింటి నడవలో ఒక వాల్వుల రేడియో ఉండెను. దానికి ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము చెల్లించెడివారము. సిలోను కేంద్రమునుండి మీనాక్షి పొన్నుదురైగారు వినిపించు తెలుగు పాటలకై ఇరుగుపొరుగులు మా యింట చేరెడివారు.

ఆ నెల 3వ తేదీన పాకిస్తానుతో యుద్ధము మొదలయ్యెను. మా పెద్దన్న సైన్యములో నుండెను. ఏ దిక్కున నున్నాడో మాకు తెలియదు. ఉత్తరములు నిలిచిపోయినవి. పాటలు మూలపడినవి. అమ్మ రాత్రులు వార్తలకై రేడియో ముందే కూర్చుండెడిది.

షార్టువేవుపై ముల్లు జరుగుచుండగా, రెండు కేంద్రముల నడుమ ఒక వింత గొంతు తగిలెడిది. ఆగుట, తడబడుట, మరల అందుకొనుట, అన్నియు మనుష్యునివే. కాని ఒక్క అక్షరమును తెలియదు. బాతు పలికినట్లుండెడిది. శత్రువుల గూఢచారులని పొరుగువారనిరి. అమ్మ మాత్రము చెవియొగ్గి, "ఎవరి బిడ్డయో ఇంటికి చెప్పుకొనుచున్నాడురా" అని, ముల్లు కదలనిచ్చెడిది కాదు. నాకు భయము వేసెడిది. ఆ గొంతును విని భయమో, అమ్మ ముఖమును చూచి భయమో, నేటికిని చెప్పలేను.

వనపర్తి రాజభవనములో 1959లో వెలసిన పాలిటెక్నిక్కున చదువుచున్న మా మేనబావ ఆ వారముననే వచ్చెను. గొంతు విని నవ్వెను. "అత్తా! ఇది టెలిఫోను. సముద్రము దాటిన దేశములకు మాట చాలచోట్ల షార్టువేవు మీదనే పోవును. దారిలో మనవంటివారు వినకుండ దానిని తలక్రిందులు చేసి పంపుదురు" అని, నా పలకపై లెక్క వేసి చూపెను. టెలిఫోనులో మాట సెకనుకు సుమారు 300 మొదలు 3000 కంపనముల వరకు ఉండును. ప్రతి కంపనసంఖ్యను 3300 నుండి తీసివేసినచో 400 కాస్త 2900 అగును. 2900 వచ్చి 400 అగును. మంద్రము తారమై, తారము మంద్రమగును. అవతలివారు మరల అట్లే తీసివేసినచో మాట యథాస్థితికి వచ్చును. తీసివేత తెలిసిన బాలుడు విప్పగల తాళమది!

ఇంతకన్న గట్టి తాళములును నిలువలేదని ఉపాధ్యాయుడనైన పిదప చదివితిని. రెండవ ప్రపంచయుద్ధములో చర్చిలు, రూజ్‌వెల్టుల సంభాషణను ఐదు పట్టీలుగా చీల్చి, తారుమారు చేసి పంపెడివారు. 1942 నాటికే జర్మనీ తపాలాశాఖ ఇంజనీర్లు హాలెండు తీరమున కూర్చుండి దానిని విప్పుకొనిరి. 1943లో మాటను అంకెలుగా మార్చు యంత్రము వచ్చిన తరువాతగాని ఆ రహస్యము దక్కలేదు.

బావ లెక్క ముగియగానే అమ్మ, "అయితే ఒకరి యింటి మాట మనమేల వినవలెను?" అని మర త్రిప్పివేసెను. ఆ తరువాత ఆ గొంతు తగిలినప్పుడెల్ల అట్లే దాటించెడిది.

16వ తేదీన ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయెను. ఊరెల్ల మిఠాయిలు పంచుకొనిరి. అమ్మ నోట పెట్టుకొనలేదు.

సంక్రాంతి దాటిన పిదప అన్న ఉత్తరము వచ్చెను. వాకిట పొరుగువారు మూగిరి. అమ్మకు చదువు రాదు. ఉత్తరమును నా చేతికిచ్చి, వణకుచున్న గొంతుతో, "ముందు తలుపు దగ్గరకు వేయుము, తరువాత చదువుము" అనెను.