మామ్మగారి కీర్తనలు, మా రికార్డింగు గది

మా సంఘంలో డెబ్భై ఆరేళ్ళ మామ్మగారు ఒకరున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాటలు ఇరవై మూడింటిని తన తల్లి దగ్గర నేర్చుకున్నారు. పుస్తకంలో రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి గాని, ఆ రాగాన్ని మన పల్లెల్లో పొలం గట్ల మీద ఎలా సాగదీసి పాడేవారో ఉండదు కదా! కిందటి సంవత్సరం ఒకనాడు ఆరాధన అయ్యాక ఆమె నన్ను ఆపి, "అయ్యగారూ, మా యమ్మ పాడినట్టు పాడేదాన్ని నానొక్కత్తినే మిగిలేను. ఊపిరుండగానే ఈ పాటలు పట్టుకోండి" అన్నారు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కోతకాల పండుగ కానుకల్లో కొంత తీసి గుడిలోనే చిన్న రికార్డింగు గది ఏర్పాటు చేద్దామని పెద్దలు ఒప్పుకున్నారు. రోడ్డు వైపు ఖాళీగా ఉన్న సామాన్ల గదిని ఎంచుకున్నాం. పొడవు పది అడుగులు, వెడల్పు పది, ఎత్తు పది. చక్కగా కుదిరిందని సంతోషించాను. నేను దైవశాస్త్రంలో డిప్లొమా చదివాను గాని శబ్దశాస్త్రం చదవలేదు. యౌవనస్థులు ఎక్కడో చూసి వచ్చి గుడ్ల అట్టలు, స్పాంజి షీట్లు గోడల నిండా అంటించారు. పద్దెనిమిది వేలు అయ్యాయి. కూలి చేసుకునేవారు తెచ్చిన కానుకలు అవి.

మొదటి రోజు మామ్మగారిని కూర్చోబెట్టి రికార్డు చేశాం. తర్వాత విన్నాం. బెల్లం లారీ హారన్, సందులో కుక్క, టీ కొట్టు రేడియో, అన్నీ స్పష్టంగా పడ్డాయి. వాటి మధ్య మామ్మగారి గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. డోలకు మోత మాత్రం డబ్బాలో రాయి వేసి ఆడించినట్టు. నేను టీ కొట్టు అతని మీద విసుక్కున్నాను. అది నా తప్పే. అతని బతుకు అతను బతుకుతున్నాడు.

అప్పుడు దేవుడు మాకొక సహోదరుణ్ణి పంపించాడు. రేడియోలో సాంకేతిక విభాగంలో పనిచేసి రిటైరై, విశాఖలో ఉంటున్నారు. ఆయన గదిలోకి వచ్చి ఒక్క చప్పట్లు కొట్టి, తలుపు కింద సందులో వేలు పెట్టి చూసి నవ్వారు. "అయ్యగారూ, మీరు రెండు పనుల్ని ఒకటనుకున్నారు. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం ఒక పని. లోపలి శబ్దం గోడలకి కొట్టుకుని తిరిగి రాకుండా చూడడం వేరే పని. మెత్తటివి రెండో పనికి వస్తాయి. మొదటి పనికి బరువు కావాలి" అన్నారు.

గోడ ఎంత బరువుంటే శబ్దం అంత తక్కువగా దాటుతుందట. బరువు రెట్టింపైతే సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. గుడ్ల అట్టకి బరువేముంది? మాకు అప్పటికే తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉంది, రెండు వైపులా సిమెంటు పూత ఉంది. అది యాభై డెసిబెల్స్ దాకా ఆపగలది. అయితే గోడలో నూరో వంతు ఖాళీ ఉన్నా మొత్తం కలిపి ఇరవైకి మించి ఆపదు. ఎంత పెద్ద కుండైనా అడుగున చిల్లుంటే నీళ్ళు నిలవవు కదా! మా కుండకి తలుపు కింద అంగుళం చిల్లు, కిటికీ రెక్కల మధ్య మరొకటి, వైర్లు వచ్చే కన్నం ఇంకొకటి. వాటిని వదిలేసి మేము కుండ లోపల దూది అంటించాం.

లోపలి శబ్దం గురించి ఆయన చెప్పిన సంగతి నాకు మరీ నచ్చింది. 1895లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో ఎవరేం చెప్పినా అర్థమయ్యేది కాదట. ఒక మాట అంటే అది అయిదున్నర సెకన్లపాటు మోగుతూనే ఉండేది. దాని సంగతి చూడమని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన ఊరు సద్దుమణిగిన రాత్రివేళ పక్క థియేటరు నుంచి కుర్చీల పరుపులు మోయించి తెచ్చి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, ఎన్ని పరుపులు వేస్తే మోత ఎంత తగ్గుతుందో గడియారం పట్టుకుని లెక్క కట్టాడు. తెల్లారేసరికి పరుపులు మళ్ళీ వాటి చోట పెట్టెయ్యాలి! గది ఎంత పెద్దదైతే మోత అంత సేపు, మెత్తదనం ఎంత ఉంటే అంత తక్కువ సేపు అని తేల్చాడు. మనిషి కూడా పరుపులాగే శబ్దాన్ని తాగేస్తాడని కూడా చూశాడు. శనివారం ఖాళీ గుడిలో మైకు పరీక్షించి హడలిపోయే పాస్టరుగార్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆదివారం జనం నిండితే సగం మోత దానంతట అదే పోతుంది.

మా పది, పది, పది గది సంగతి కూడా అప్పుడే తెలిసింది. పదడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య సెకనుకు సుమారు యాభై ఆరు కంపనాల బొంగు శబ్దం ఇరుక్కుని నిలిచిపోతుంది. మూడు వైపులా అదే కొలత అయితే మూడింతలుగా మోగుతుంది. డోలకు డబ్బాలా మోగింది అందుకే. ఇక మేం అంటించిన పల్చటి స్పాంజి సన్నటి శబ్దాల్ని మింగేసి ఆ బొంగును వదిలేసింది. మామ్మగారి గొంతులో ఉన్న మెరుపంతా పోయింది అలాగే.

ఆ సహోదరుడు వెళ్తూ స్పాంజి వైపు చూపించి, "ముందు ఇది పీకించండి" అన్నారు. 2003లో అమెరికాలో రోడ్ ఐలాండ్‌లోని ఒక నైట్‌క్లబ్బులో వేదిక చుట్టూ శబ్దం కోసం అంటించిన స్పాంజికి బాణసంచా నిప్పు తగిలి, నిమిషాల్లో హాలంతా మండి, నూరు మంది చనిపోయారు. మా ఆదివారపు బడి పిల్లలు ఆ గదిలోనే క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేసేవారు. ఒకటే తలుపు. ఆ సాయంత్రమే నేనూ మా అబ్బాయీ కలిసి స్పాంజి అంతా పీకేశాం. పద్దెనిమిది వేలు పోయాయని సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంటేనే బాగుండేదేమో.

రెండోసారి ముందుగా స్థలం మార్చాం. దీనికి ఖర్చు లేదు. గుడి వెనుక, ఒక పక్క పుస్తకాల గది, ఇంకో పక్క నడవ ఉన్న లోపలి గది తీసుకున్నాం. పదమూడు అడుగులు, పది, ఎత్తు తొమ్మిది, అంటే మూడూ వేరువేరు కొలతలు. కిటికీని ఇటుకలతో మూసేశాం. పల్చటి తలుపు తీసి గట్టి చెక్క తలుపు పెట్టి, చుట్టూ రబ్బరు పట్టీ వేయించాం. నడవలో మరొక తలుపు. రేడియో స్టూడియోల్లో రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంటుంది, ఒకటి మూశాకే రెండోది తీస్తారు. మాది దానికి బీద బంధువు. మోత తగ్గడానికి చెక్క చట్రాల్లో నాలుగంగుళాల మందాన రాక్ ఊల్ పెట్టి పైన గుడ్డ కుట్టించాం. అది రాతిని కరిగించి తీసిన పీచు, మండదు. గోడలన్నీ కప్పలేదు, అక్కడక్కడా మూలల్లోనూ పెట్టాం. గాలి కోసం వంకరలు తిరిగిన చెక్క గొట్టం పెట్టి లోపల అదే పీచు పరిచాం. గాలి వస్తుంది, శబ్దం మలుపుల్లో అలిసిపోతుంది. ఫ్యాను మాత్రం పాట సాగినంతసేపు ఆపాల్సిందే. మే నెలలో అనకాపల్లిలో అదెలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

రైలు శబ్దాన్ని మాత్రం ఆపలేకపోయాం. హౌరా - చెన్నై లైను మా ఊరి మీదుగానే పోతుంది. దాని అదురు నేల లోంచి వస్తుంది. దాన్ని ఆపాలంటే గదిలో మరొక గది కట్టి, రబ్బరు మీద నిలబెట్టాలి. అంత స్తోమత మాకు లేదు.

అందుకని శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెడతాం. రైళ్ళ వేళలు రాసిన కాగితం తలుపుకి అతికించాం. గూడ్సు బండికి వేళేమిటి? అది వస్తే మామ్మగారు పాట ఆపి, నీళ్ళు తాగి, మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకుంటారు. ఇప్పటికి పదకొండు కీర్తనలు అయ్యాయి. చలికాలంలో ఆమెకు ఆయాసం ఎక్కువైంది, ఒక్కో వారం ఒక్క చరణంతోనే సరిపెట్టుకుంటున్నాం. మొన్న శనివారం మాత్రం, "ఈరోజు రెండు పాడేస్తాను బాబూ, ముందా ఫ్యాను ఆపు" అన్నారు.