జవాను బిడ్డకు ఒక గడి కావాలి

బడిలో ఒక పిల్ల చేరిందంటే మా కంప్యూటర్ చాలా ప్రశ్నలు అడుగుతుంది. కులం, మతం, మాతృభాష, ఆధార్‌లో ఉన్న పేరు, దారిద్ర్యరేఖకు దిగువనా కాదా, వైకల్యం ఏమైనా ఉందా, మధ్యలో బడి మానేసిందా... ఇట్లా. దేశంలోని బడుల లెక్కలన్నీ ఎక్కే ఈ కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ పేరు యూడైస్ ప్లస్. టీచర్లకు దీన్ని పరిచయం చేయాల్సిన పని లేదు! 2022-23 నుంచి ఇందులో ఒక్కో విద్యార్థి వివరాలు విడివిడిగా ఎక్కిస్తున్నాం. ప్రతి పిల్లకూ ‘పెన్’ అనే శాశ్వత నంబరు వస్తుంది. దానికి తోడు ఇప్పుడు 12 అంకెల ‘అపార్’ కూడా వచ్చింది. ఇన్ని గడులు నింపుతాం కానీ, అమ్మో నాన్నో సైన్యంలో ఉన్నారా అని అడిగే గడి మాత్రం లేదు.

వరంగల్‌లో ఇన్నేళ్లుగా టీచరుగా ఉన్నా, ఈ లోటు నా దృష్టికి వచ్చింది మా తమ్ముడి వల్ల. వాడు ఆర్మీలో హవల్దార్. సైన్యంలో పోస్టింగులు రెండు రకాలు. ‘పీస్’ అయితే క్వార్టర్ దొరికాక భార్యాపిల్లలను వెంట ఉంచుకోవచ్చు. ‘ఫీల్డ్’ అయితే కుదరదు. రెండు మూడేళ్లకోసారి ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ‘‘వదినా, ఒకసారైతే క్వార్టర్ కోసం ఆరు నెలలు ఆగినం. దొరికి ఏడాది కాకముందే మళ్లా మూటలు కట్టినం’’ అంటుంది మా మరదలు. పఠాన్‌కోట్, జబల్‌పూర్, సికింద్రాబాద్... మేనకోడలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఐదు బడులు మారింది. ఈ మధ్య తమ్ముడికి సరిహద్దు పోస్టింగ్ వచ్చింది. పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టెలతో తల్లీపిల్లలు కాజీపేటలో దిగారు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. పిల్లను కొత్త బడిలో చేర్చుకోవాలంటే పాత బడివాళ్లు ఆన్‌లైన్‌లో ‘టీసీ ఇచ్చాం, వెళ్లిపోయింది’ అని నొక్కాలి. అప్పుడే పేరు ‘డ్రాప్‌బాక్స్’లో పడుతుంది. కొత్త బడి అక్కడి నుంచి తీసుకుంటుంది. వాళ్లు నొక్కేదాకా కంప్యూటర్ లెక్కలో పిల్ల అక్కడే ఉంటుంది, మనిషేమో ఇక్కడ బెంచీ మీద కూర్చుంటుంది. ఆ ఒక్క నొక్కుడు కోసం మూడు వారాలు ఫోన్లు చేశాం. పేర్ల గొడవ సరేసరి. ఒక బడి ఇంటిపేరు ముందు రాసింది. ఇంకోటి చివర రాసింది. ఉత్తరాదిలో ఒకచోట అడక్కుండానే ‘కుమారి’ తగిలించారు. ఇప్పుడు ఏ కాగితంలోని పేరు ఇంకో కాగితంతో కలవదు.

ఇక తెలుగు. మన రాష్ట్రంలో 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి. మంచి చట్టమే, నేను దాన్ని సమర్థిస్తాను. మా పిల్ల గలగలా తెలుగు మాట్లాడుతుంది కానీ బస్సు బోర్డు కూడబలుక్కొని చదువుతుంది. ఒకరోజు ఫారం నింపుతూ, ‘‘అత్తా, సొంతూరు కాడ ఏం రాయాలె?’’ అని అడిగింది. మొదటి పరీక్ష అయ్యాక రిపోర్టులో ‘వెనుకబడింది’ అని రాశారు. ఆ టీచరును అనడానికి ఏముంది? ఐదు బడులు మారిన పిల్ల అని ఆవిడ ముందున్న రికార్డు ఎక్కడా చెప్పదు. ఆ రికార్డులో ఈ పిల్లా, ఇంటిపక్క బడిలోనే ఉండి పాఠాలు వినని పిల్లా ఒకేలా కనిపిస్తారు.

వింత ఏమిటంటే, సైన్యం దగ్గర లెక్క పక్కాగా ఉంటుంది. జవానుకు బిడ్డ పుడితే ‘పార్ట్ టూ ఆర్డర్’ వెలువడి సర్వీసు రికార్డులో చేరుతుంది. పిల్లల చదువు భత్యం కోసం వాళ్లు ఏటా బడి నుంచి సర్టిఫికెట్ తీసుకుంటారు. అంటే ఈ పిల్ల నాన్న జవాను అని తెలిసే బడి సంతకం పెడుతుంది. ఆ కాగితం తమ్ముడి యూనిట్‌కు పోతుంది కానీ పిల్ల రికార్డులోకి రాదు. కేంద్రీయ విద్యాలయాలు కొంత నయం. 1963లో అవి మొదలైందే బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం. గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలయ్యాయో చూసి ప్రవేశాల్లో ప్రాధాన్యం ఇస్తాయి. కాకపోతే సీట్లు ఎన్ని ఉంటాయి? మిగిలినవాళ్లు మా లాంటి బడులకే వస్తారు.

అమెరికాలో 2015 చదువుల చట్టం సైనికుల పిల్లలను రికార్డుల్లో విడిగా గుర్తించమంది. అక్కడ ఆ పిల్లలు పన్నెండో తరగతిలోపు ఆరు నుంచి తొమ్మిది సార్లు ఊళ్లు మారతారని చెబుతారు. ఇంగ్లండ్‌లో 2011 నుంచి సైనికుల పిల్లలున్న బడులకు తలకింత అని అదనపు డబ్బు ఇస్తున్నారు. ముందు లెక్కపెట్టారు కాబట్టే ఇవ్వగలిగారు. మన దగ్గర ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సాయుధ దళాల పిల్లలకు కోటా ఉంది. అంటే జవాను బిడ్డ అన్న గుర్తింపు పదిహేడేళ్లకు, సీటు గుమ్మం ముందు మాత్రమే దొరుకుతుంది. అప్పటికి దాటాల్సిన గండాలన్నీ ఆ పిల్ల ఒంటరిగా దాటేసి ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద గండం స్థానికత. మా పిల్లకు డాక్టర్ కావాలని ఉంది. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం వైద్య విద్యలో స్థానిక కోటా కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదవాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. తెలంగాణ సొంతూరుగా నమోదై సైన్యంలో, కేంద్ర బలగాల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు సడలింపు ఇస్తామని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. సంతోషమే. కానీ రేపు కౌన్సెలింగ్ బల్ల ముందు రుజువు చూపాల్సింది పిల్లే కదా! ఏ ఏడాది ఎక్కడ చదివింది, ఎందుకు మారింది అన్నది బడి రికార్డులోనే ఉంటే, ఐదు రాష్ట్రాల కాగితాలు మోసుకు తిరిగే పని తప్పుతుంది.

గడి పెడితే జాగ్రత్తలూ కావాలి. జవాన్ల ఇళ్లు ఎక్కడున్నాయో చెప్పే జాబితా ఎవరి చేతికీ చిక్కకూడదు. కుటుంబం ఒప్పుకుంటేనే నమోదు చేయాలి. పిల్ల పేరు బడి దాటకూడదు, పైకి అంకెలే వెళ్లాలి. ఏ రెజిమెంట్, ఏ ఊళ్లో పోస్టింగ్ అన్న ప్రశ్నలు వద్దే వద్దు. ‘అవును, కాదు’ చాలు. ‘అవును’ అన్నప్పుడు బదిలీ ఫైలు వారంలో కదలాలి. తెలుగు రాయడం రాని పిల్లకు కొన్నాళ్లు వెసులుబాటు ఇవ్వాలి.

అది వచ్చేదాకా మన జవాన్ల ఇళ్లకు నేను చెప్పేది ఇదే. ఒకటో తరగతి నుంచి ప్రతి టీసీ, స్టడీ సర్టిఫికెట్ ఒక ఫైలులో దాచండి. ఊరు మారేముందు పాత బడి ఆన్‌లైన్‌లో పేరు వదిలిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. పార్ట్ టూ ఆర్డర్‌లో, ఆధార్‌లో, బడిలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో సరిచూసుకోండి. అనుమానం ఉంటే హనుమకొండలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

మా తమ్ముడికి వచ్చే ఏడాది పీస్ పోస్టింగ్ రావొచ్చు. సరిహద్దు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, ‘‘అక్కా, పిల్లలను పంపుతవా?’’ అంటాడు. పిల్లేమో స్థానికత ఏమవుతుందోనని భయపడుతోంది. నాన్న దగ్గరికి పోవాలా, కాగితాల కోసం ఇక్కడే ఉండాలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.