కడుపు మాట కడుపులోనే దాచుకోకండి

రండి, ఇలా హీటర్ పక్కకు జరిగి కూర్చోండి. ఇంగ్లండులో డిసెంబరు కదా, నాలుగు కొట్టేసరికి చీకటి పడిపోతుంది. ఇలాంటి సాయంత్రాలే కబుర్లకు అనువు. ఇవాళ కడుపు గురించి మాట్లాడుకుందాం. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకునే మనవాళ్లు నలుగురు కలిస్తే వీసా, ఇంటి అద్దె, పిల్లల బడి గురించి అర్ధరాత్రి దాకా మాట్లాడతారు. పొద్దున రెండు మూడుసార్లు బాత్రూముకు వెళ్లొస్తే గానీ గడప దాటే ధైర్యం రాదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పరు. కొందరైతే కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పరు. చెప్పాలండీ. చెప్పినవాళ్లకే ఈ దేశంలో దారులు తెరుచుకుంటాయి.

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, మనం ఐబీఎస్ అందాం. నాకూ ఏళ్లుగా ఉంది. కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, ఉబ్బరం, ఓ వారం విరేచనాలు, ఓ వారం మలబద్ధకం. స్కాన్‌లో ఏమీ కనిపించదు. దాంతో "ఏమీ లేదట, ఊరికే భయపడుతోంది" అనేస్తారు చుట్టూ ఉన్నవాళ్లు. కానీ పేగు పైకి మామూలుగానే కనిపిస్తున్నా దాని కదలిక మారుతుంది, నరాలు మామూలు గ్యాస్‌ను కూడా నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. 2016లో నిపుణులు ఖరారు చేసిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనం, అది ఎన్నిసార్లు అవుతుందన్నదానిలో మార్పు, ఎలా అవుతుందన్నదానిలో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండింటితో సంబంధం ఉండాలి. ఇదంతా కనీసం ఆరు నెలల కిందట మొదలై ఉండాలి. ఇంత స్పష్టమైన లెక్క ఉన్న జబ్బును ఊహ అనడం అన్యాయం.

అయితే ఐబీఎస్ అని మనంతట మనమే పేరు పెట్టేసుకోకూడదు. బ్రిటన్‌లో మొదటి మెట్టు జీపీ, అంటే మనం పేరు నమోదు చేసుకున్న కుటుంబ వైద్యులు. రక్తపరీక్షలు చేస్తారు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు లేదని చూస్తారు, పేగుల్లో వాపు ఉందేమోనని మలపరీక్ష కూడా చేయించవచ్చు. ఇక్కడొక మాట గట్టిగా చెబుతాను. సీలియాక్ పరీక్షకు ముందు చపాతీ, బ్రెడ్డు మానేయకండి. కనీసం ఆరు వారాలు గోధుమ తింటూ ఉంటేనే ఆ పరీక్షను నమ్మగలం. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకండి. యాభై దాటిన ఆడవాళ్లకు కొత్తగా ఇలాంటి లక్షణాలు మొదలైతే అండాశయ క్యాన్సర్ లేదని కూడా చూడాలని ఇక్కడి వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. మన అమ్మలు, అత్తలు ఇక్కడికి వచ్చి నెలల తరబడి ఉంటారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. సెలవులకు ఇండియా వెళ్లొచ్చాక మొదలైందా? ఆ ప్రయాణం సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. అది మిగిలిపోయిన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇన్ఫెక్షన్ తగ్గిపోయాక దాని వెనకాలే ఐబీఎస్ మొదలయ్యేవాళ్లూ ఉన్నారు.

జీపీ దగ్గర మనకు దొరికేది పది నిమిషాలు. అందులో ఐదు మొహమాటానికే పోతాయి. దీనికి మంచి ఉపాయం బ్రిస్టల్ స్టూల్ చార్ట్. బ్రిస్టల్ ఆసుపత్రి వైద్యులు 1997లో ప్రచురించిన ఆ పట్టికలో మలం తీరును ఏడు రకాలుగా బొమ్మలతో చూపిస్తారు. మేక పెంటికల్లా గట్టిగా ఉంటే ఒకటో రకం, నీళ్లలా పోతే ఏడో రకం. రెండు వారాల పాటు రోజూ తిన్నది, నొప్పి వచ్చిన వేళ, రకం అంకె ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. "నిన్న ఆరు, ఇవాళ ఏడు" అంటే చాలు. సిగ్గుపడే వర్ణనలు అక్కర్లేదు, ఇంగ్లిషులో మాటలు వెతుక్కోనక్కర్లేదు.

ఇక తిండి సంగతి. మన ఇళ్లలో దీనికి మందు మజ్జిగే. ఫోన్లో అమ్మకు చెబితే "వేడి చేసిందే, మజ్జిగన్నం తిను" అంటుంది. కొందరికి అది నిజంగానే పడుతుంది, కొందరికి పడదు. ఎందుకో చెబుతాను. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఫాడ్‌మ్యాప్ అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. ఫాడ్‌మ్యాప్‌లంటే కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు. అవి చిన్నపేగులో సరిగా అరగకుండా పెద్దపేగుకు చేరతాయి. తమతోపాటు నీళ్లను లాక్కొస్తాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది, రాత్రి రుబ్బిన దోసెల పిండి తెల్లారేసరికి పొంగినట్టు పేగు ఉబ్బుతుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, యాపిల్, మామిడి, పుచ్చకాయ, కాలీఫ్లవర్ ఈ జాబితాలో ముందుంటాయి. మజ్జిగలో పాలకన్నా లాక్టోజ్ తక్కువే గానీ అసలు లేకపోలేదు. మన దక్షిణాది పెద్దవాళ్లలో లాక్టోజ్ అరగనివాళ్లు చాలామంది. ఇక్కడ ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ లాక్టోజ్ తీసేసిన పాలు దొరుకుతాయి. వాటితో పెరుగు తోడుకుంటుంది కూడా.

ఉల్లి, వెల్లుల్లి లేకపోతే తెలుగు వంట ఏముంటుందని బెంగ పడకండి. వెల్లుల్లిలో పేగును బాధపెట్టేది ఫ్రక్టాన్ అనే పదార్థం. అది నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి బాండీలో నూనె కాగాక నాలుగు రెబ్బలు చితక్కొట్టి వేయండి. సన్న సెగ మీద అంచులు బంగారు రంగు తిరిగేదాకా వేగనివ్వండి. ఒక్క ముక్క కూడా మిగలకుండా గరిటెతో తీసేయండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు ఆ తర్వాతే వేయండి. వాసన నూనెలో ఉంటుంది, బాధపెట్టేది ముక్కలతో పాటు బయటికి పోతుంది. అదే పని చారులోనో, పులుసులోనో చేస్తే కుదరదు. నీళ్లలో ఉడికిన వెల్లుల్లిని తీసేసినా ఫ్రక్టాన్ అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటుంది. ఉల్లికాడల్లో తెల్ల భాగం వద్దు గానీ పచ్చ భాగం వాడుకోవచ్చు. కందిపప్పు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి, గిన్నెడు కాకుండా రెండు గరిటెలు తింటే చాలామంది తట్టుకుంటారు.

నిజానికి ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించే ఈ పథ్యంలో మనకున్నంత వెసులుబాటు ఇంగ్లిషువాళ్లకు లేదు. కార్తీక మాసంలో, వ్రతాల రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఇంటిల్లిపాదికీ కమ్మగా వండిపెట్టే చేతులు మనవి. ఇంగువ పోపు, మిరియాల చారు, బెండకాయ వేపుడు, వంకాయ కూర, బంగాళాదుంప, పులిహోర. అన్నం పేగుకు నెమ్మదైన తిండి. ఆ పండుగ వంటనే మామూలు రోజులకు తెచ్చుకుంటే సగం చిక్కు తీరినట్టే. కారం మాత్రం తగ్గించాలి. పేగులోని నొప్పి నరాలను మిరపకాయ నేరుగా రేపుతుంది.

ఈ పథ్యం జీవితాంతం కాదు సుమండీ. చాలామంది పొరబడేది ఇక్కడే. మానేయడం రెండు నుంచి ఆరు వారాలే. తర్వాత ఒక్కో రకాన్ని విడివిడిగా, మూడు రోజుల పాటు కొద్దికొద్దిగా పెంచుతూ తిని చూడాలి. ఏది పడదో తేలాక దాన్నొక్కదాన్నే తగ్గించుకుని మిగతావన్నీ మళ్లీ తినాలి. అన్నీ మానేసి ఉండిపోతే పేగులో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా తగ్గుతుంది, ఒంట్లో సత్తువ పోతుంది. జీపీని అడిగితే డైటీషియన్ దగ్గరికి పంపుతారు. వాళ్ల సాయంతో చేస్తేనే మేలు. పీచు కావాలంటే తవుడు, ఊక జోలికి పోకండి, ఇసబ్‌గోల్ వాడండి. ఇక్కడి ఫార్మసీలో ఫైబోజెల్ పేరుతో దొరికేది మన గుజరాత్, రాజస్థాన్ పొలాల్లో విరివిగా పండే ఆ పొట్టే.

అసలు పరీక్ష ఆఫీసు మధ్యాహ్న భోజనం దగ్గర వస్తుంది. ఇక్కడ 14 రకాల అలెర్జీ పదార్థాలను ప్యాకెట్ల మీద ప్రత్యేకంగా, ఎక్కువగా బొద్దు అక్షరాల్లో, చూపించాలని చట్టం. గోధుమ, పాలు అందులో ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి లేవు. కాబట్టి బొద్దు అక్షరాలు చూసి తృప్తిపడకుండా జాబితా మొత్తం చదవండి. సూపుల్లో, సాసుల్లో, చిప్సుల్లో ఉల్లిపొడి, వెల్లుల్లి పొడి నక్కి ఉంటాయి. ఆరోగ్యానికి మంచిదని అమ్మే బార్లలో చికోరీ వేరు, ఇనులిన్ ఉంటాయి. చక్కెర లేని చూయింగ్‌గమ్‌లో సార్బిటాల్ ఉంటుంది. 2021 అక్టోబరులో నటాషా చట్టం వచ్చాక, కొట్టులోనే చేసి ప్యాక్ చేసిపెట్టిన శాండ్‌విచ్ మీద కూడా పదార్థాలన్నీ రాయాల్సిందే. అది మనకెంతో మేలు చేసింది.

తిండి ఒక్కటే కాదు, మనసు కూడా పేగును ఆడిస్తుంది. మెదడుకూ పేగుకూ మధ్య నరాల దారి రెండువైపులా నడుస్తుంది. సోమవారం పొద్దున మీటింగ్ ఉందంటే ఆదివారం రాత్రే కడుపులో గడబిడ మొదలవడం అందుకే. మాంచెస్టర్‌లో పీటర్ వార్వెల్ బృందం 1984లోనే హిప్నోథెరపీతో ఐబీఎస్ నెమ్మదిస్తుందని చూపించింది. 2023లో లాన్సెట్‌లో అట్లాంటిస్ అనే పరిశోధన వచ్చింది. మొదటి మందులతో కుదుటపడని 463 మందిని తీసుకుని, కొందరికి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 30 దాకా, ఆరు నెలలు ఇచ్చారు. మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లకన్నా వాళ్లు బాగా తేరుకున్నారు. అది డిప్రెషన్ మందు కదా అని జంకకండి. ఇంత చిన్న మోతాదులో ఇచ్చేది పేగు నరాల నొప్పిని తగ్గించడానికే. డాక్టరు రాస్తేనే వాడండి, అంతే.

ఇక ప్రయాణం. రెడింగ్ నుంచి లండన్ వెళ్లేవాళ్లకు ఎలిజబెత్ లైన్ రైలు ఉంది. పాడింగ్టన్‌కు దాదాపు గంట. అందులో టాయిలెట్ లేదు. అదే స్టేషన్ నుంచి బయలుదేరే గ్రేట్ వెస్టర్న్ రైల్లో టాయిలెట్ ఉంది, పైగా అది సగం సమయంలోనే చేరుస్తుంది. కడుపు బాగాలేని రోజున ఏ ప్లాట్‌ఫారానికి నడవాలో ముందే తెలిసి ఉంటే ఆ ఆలోచనే కడుపును సగం నెమ్మదిపరుస్తుంది. నెట్‌వర్క్ రైల్ నడిపే పెద్ద స్టేషన్లలో 2019 ఏప్రిల్ నుంచి టాయిలెట్‌కు డబ్బు తీసుకోవడం మానేశారు. ట్యూబ్ స్టేషన్లలో ఎక్కడెక్కడ టాయిలెట్లు ఉన్నాయో లండన్ రవాణా సంస్థ మ్యాపే వేసింది. వేలాది వికలాంగుల టాయిలెట్లను తెరిచే రాడార్ తాళంచెవి మన అవసరానికి కూడా పనికొస్తుంది. ఐబీఎస్ నెట్‌వర్క్ అనే ధార్మిక సంస్థ తన సభ్యులకు ఒక చిన్న కార్డు ఇస్తుంది. అది చూపిస్తే కొట్టువాళ్లు చాలావరకు లోపలికి రానిస్తారు.

ఉద్యోగం దగ్గరికొద్దాం. వీసా స్పాన్సర్ చేసిన కంపెనీకి జబ్బు సంగతి చెబితే ఏమంటారోనని మనవాళ్లకు గుబులు. ఆ గుబులు నాకు తెలుసు. కానీ బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ఉంది. ఏడాదికి పైగా ఉండి, రోజువారీ పనులకు గట్టిగా అడ్డుపడే జబ్బు దాని కిందికి రావచ్చు. ఐబీఎస్ వస్తుందా రాదా అన్నది ఒక్కొక్కరి తీవ్రతను బట్టి ఉంటుంది. వస్తే, పనిలో సబబైన మార్పులు చేయాల్సిన బాధ్యత యజమానిది. వీసా మీద ఉన్నవాళ్లకు కూడా అదే హక్కు. మీ మేనేజరుకు మూడు ముక్కలు చెప్పండి, చాలు. "నాకు పేగులకు సంబంధించిన దీర్ఘకాలిక సమస్య ఉంది, డాక్టరు చూస్తున్నారు. కొన్ని ఉదయాలు ఇబ్బందిగా ఉంటుంది. టాయిలెట్‌కు దగ్గరగా సీటు, పది గంటలకు ముందు మీటింగులు లేకుండా, బాగాలేని రోజున ఇంటి నుంచి పని, ఇవి కుదిరితే నా పనికి లోటు రాదు." వివరాలు అడిగితే ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్లతో మాట్లాడతానని చెప్పొచ్చు. ఏడు రోజుల దాకా జబ్బు సెలవుకు డాక్టరు కాగితం కూడా అక్కర్లేదు.

మనవాళ్ల ఇళ్లలో భోజనాల దగ్గర చెప్పడం ఇంకా కష్టం. "అయ్యో, ఏమీ తినలేదే! నా వంట నచ్చలేదా?" అంటారు ప్రేమగా. ముందురోజే ఫోన్ చేసి, "వదినా, నాకు ఉల్లి, వెల్లుల్లి పడవు, డాక్టరు పథ్యం పెట్టారు. అన్నం, వంకాయ కూర, కాస్త నెయ్యి ఉంటే చాలు" అనేయండి. పథ్యం అన్నాక తెలుగింట ఎవరూ బలవంతం చేయరు, ప్రత్యేకంగా వండిపెడతారు. అంతకంటే పెద్ద సంగతి, ఆ ఫోన్ పెట్టేసే లోపు అవతలి గొంతు కాస్త తగ్గి, "నాకూ అలాగే ఉంటోంది వదినా, ఎవరికి చూపించుకున్నావు?" అంటుంది. నాకు ఎన్నోసార్లు ఎదురైన మాట ఇది.

అందుకే అడుగుతున్నాను. ఈ వారం ఒకే ఒక్క పని చేయండి. జీపీ అపాయింట్‌మెంట్ తీసుకోండి, లేదా మీకు నమ్మకమైన ఒక మనిషికి చెప్పండి. ఈ జబ్బు ప్రాణం తీయదు గానీ, దాచుకుంటే బతుకును ఇంటికీ బాత్రూముకూ మధ్య కట్టిపడేస్తుంది. సప్త సముద్రాలు దాటి వచ్చింది అందుకు కాదు కదా!