ఎప్పుడు వణుకుతోంది?

విజయవాడ ఆటోనగర్‌లో ఆ షెడ్డుకి బోర్డు లేదు. వేపచెట్టు కింద రేకుల షెడ్డు అంటే ఎవరైనా చూపిస్తారు. పొద్దున్నే ఓ తెల్ల టాక్సీ వచ్చి ఆగింది. ఆగిందనడం కన్నా ఆగిపోయిందనడం సబబు. ఇంజిన్ గడగడా వణికి, ఓ దగ్గు దగ్గి చల్లబడిపోయింది.

డ్రైవర్ దిగుతూనే ఏకరువు పెట్టాడు. పికప్ లేదు. మైలేజీ పడిపోయింది. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మ పసుప్పచ్చగా వెలుగుతూనే ఉంది. నెల కిందట ఒకచోట 6 వేలు తీసుకుని ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. వారానికే జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడు ఇంజెక్టర్లు చూడాలట. అదీ కాకపోతే ఇంజిన్ విప్పాలి, 30 వేలు దగ్గర పెట్టుకోమన్నారట. బండి కిస్తీకి వారం కూడా లేదు. గన్నవరం విమానాశ్రయం కిరాయిల మీదే ఇల్లు గడవాలి.

మేస్త్రీ అంతా విన్నాడు. బానెట్ జోలికి పోలేదు. ఒక్క మాటే అడిగాడు.

‘‘ఎప్పుడు?’’

‘‘ఏంటి మేస్త్రీగారూ?’’

‘‘ఎప్పుడు వణుకుతోంది బాబూ? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, బాగా వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, ఊరికే నిలబడ్డప్పుడా?’’

డ్రైవర్ కాస్త ఆలోచించాడు. ‘‘సిగ్నల్ దగ్గరండీ. బెంజి సర్కిల్లో ఆగానంటే చాలు, వణుకే వణుకు. ఏసీ వేస్తే ఆగిపోద్ది కూడా. హైవే ఎక్కితే మాత్రం బానే లాగుద్ది.’’

ఆ జవాబుతో మేస్త్రీకి సగం పని అయిపోయినట్టే. నలభై ఏళ్లకు పైగా ఇంజిన్లతో కాపురం చేసిన మనిషి ఆయన. పెట్రోలు ఇంజిన్‌కి కావలసినవి నాలుగే అంటాడు. గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, లోపల బిగువు. నాలుగింటిలో ఏది తగ్గిందో బండే చెబుతుంది. మనం అడగాల్సింది ఎప్పుడనే.

నున్నటి రోడ్డు మీద బాగా పోయి, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడితే పెట్రోలు చాలడం లేదేమో చూడాలి. పంపు, ఫిల్టరు అక్కడ అనుమానితులు. వాన పడ్డ మర్నాడు మిస్సయితే కాయిల్ దగ్గరో, ప్లగ్గు వైరు దగ్గరో తడి చేరిందేమో చూడాలి. ఇంజిన్ హోరెత్తుతున్నా బండి వేగం పెరగకపోతే ఇంజిన్‌ని తిట్టి లాభం లేదు, క్లచ్ జారుతోంది. నల్లపొగ పెట్రోలు ఎక్కువైందని చెబుతుంది. నీలిపొగ ఇంజిన్ ఆయిల్ కాలిపోతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతోందేమోనని భయపడాలి. డ్యాష్‌బోర్డులో ఆ పసుపు దీపం వెలిగి ఉంటే నిదానంగా షెడ్డు దాకా తెచ్చుకోవచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు తీసి ఆపేయడం మంచిది. ఆ మిస్‌ఫైర్‌కి కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. దాని ఖరీదు తెలిస్తే ఎవరూ ముందుకు పోనివ్వరు.

షెడ్డులో స్కానరూ ఉంది. కుర్రాడు స్టీరింగ్ కింద తగిలించి చదివాడు. ‘‘పీ 0171. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.’’ ముందు షెడ్డువాళ్లు చూసిందీ ఇదే. ఆక్సిజన్ సెన్సార్ ఆ మాట చెప్పింది కాబట్టి దాన్నే మార్చేశారు.

‘‘దొంగతనం జరిగిందని చెప్పినోణ్ణే జైల్లో పెట్టార్రా’’ అన్నాడు మేస్త్రీ.

కంప్యూటర్ అదనంగా ఎంత పెట్రోలు పోస్తోందో చూడమన్నాడు. నిలబడి ఉంటే 22 శాతం ఎక్కువ. 2,500 చుట్లకు రేసిస్తే 6 శాతానికి దిగింది. పెట్రోలు పంపు బలహీనమైతే వేగం పెరిగేకొద్దీ కొరత పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. అంటే ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. నిలబడ్డ ఇంజిన్ గాలిని గట్టిగా పీలుస్తుంది. దానికి కావలసింది కొంచెమే కాబట్టి చిన్న చిల్లయినా పెద్ద తేడానే. వేగం మీద అదే గాలి లెక్కలోకి రాదు.

అప్పుడు బానెట్ ఎత్తాడు. క్రాంక్‌కేసు ఆవిరిని ఇంజిన్‌లోకి తిరిగి పంపే రబ్బరు గొట్టాన్ని వంపు దగ్గర రెండు వేళ్లతో నొక్కాడు. వణుకు ఆగింది. వదిలాడు. మళ్లీ మొదలు. వేడికీ నూనెకీ మెత్తబడి, పైకి కనబడకుండా అడుగున చీలింది గొట్టం. కొత్తది 180 రూపాయలు.

డ్రైవర్‌కి నోట మాట రాలేదు. కుర్రాడు స్కానర్ సర్దేస్తున్నాడు. మేస్త్రీ మాత్రం బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో చక్రం దగ్గర వంగి చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. ఏ బండి వచ్చినా ఇదే వరస.

‘‘గొట్టం దొరికిందిగా బాబాయ్, చక్రాలెందుకు?’’

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు బయటికొచ్చింది.

1989 వేసవి. సొంత షెడ్డు పెట్టిన కొత్త. ఓ అంబాసిడర్ టాక్సీ వచ్చింది. లాగడం లేదు, పెట్రోలు తాగేస్తోంది. రింగులు అరిగిపోయాయని చెప్పి ఇంజిన్ దింపేశాడు. బోరు చేయించాడు, రింగులు వేశాడు. ఆ డ్రైవర్ భార్య గాజులు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చాడు. అంతా బిగించి రోడ్డెక్కిస్తే మళ్లీ అదే నీరసం. దిగి వెనకచక్రం మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి, బ్రేకు సగం పట్టుకునే ఉంది. ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదు.

‘‘మరేం చేశావ్?’’

‘‘కేబుల్ బాగుచేసి ఇచ్చా. బండి గుర్రంలా పోయింది. నీ చేతిలో మహిమ ఉందని దణ్ణం పెట్టి వెళ్లాడాయన.’’

కాసేపు ఆగి అన్నాడు. ‘‘డబ్బు తీసుకున్నాన్రా. నిజం చెప్పలేదు. ఆ తర్వాత ఆయన కోసం స్టాండు చుట్టూ తిరిగా. మళ్లీ కనపళ్లేదు.’’

డ్రైవర్ తల వంచుకుని 500 నోటు తీశాడు. మేస్త్రీ గొట్టం ఖరీదు, 200 కూలీ పట్టుకుని మిగతా 120 లెక్కపెట్టి తిరిగిచ్చాడు. తెల్ల టాక్సీ వణక్కుండా వేపచెట్టు నీడ దాటింది.

మధ్యాహ్నం ఓ ఎర్ర కారు వచ్చింది. పికప్ లేదన్నాడు ఓనరు. మేస్త్రీ అన్నం దగ్గర ఉన్నాడు. కుర్రాడు స్కానర్ వైపు చెయ్యి చాపి, ఆగాడు. వెళ్లి వెనకచక్రం దగ్గర వంగాడు.

‘‘ఎప్పుడెప్పుడు వస్తోందండీ?’’ అని అడిగాడు.